మూడు భాషల్లో ఒకటే ఆకలి
(విద్యార్థులు, ఉద్యోగులు హాజరైన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఎక్కడో యూరప్ మూలన ఉన్న బోస్నియా గురించి ఈ సభలో మాట్లాడడమేమిటని కొందరికి అనిపించవచ్చు. మమ్మల్ని ఆ దేశం దాకా తీసుకుపోయింది ఒక మాట. బాల్కనైజేషన్. ఉద్యమంలో మేం విద్యార్థులుగా ఉన్న రోజుల్లో టీవీ చర్చల్లో ఎవరో ఒకరు ఈ మాట అందుకునేవారు. రాష్ట్రాలను విడగొడుతూ పోతే దేశం బాల్కన్ లెక్క అయిపోతుందనేవారు. అంతే, మా నోరు మూతపడేది. ఎందుకంటే బాల్కన్‌లో ఏం జరిగిందో మాకు తెలియదు. అన్నవాళ్లకు కూడా తెలియదని తర్వాత అర్థమైంది. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది, దేశం చెక్కుచెదరలేదు. ఆ మాట మాత్రం మాలో ముల్లులా ఉండిపోయింది. మేం అక్కడికి పోయి చూసినవాళ్లం కాదు. చదివి తెలుసుకున్నది మీతో పంచుకుంటున్నాం.

ముందే ఒక మాట చెప్పుకోవాలి. దేశం లోపల రాష్ట్రం అడగడం వేరు, దేశాలు విడిపోవడం వేరు. ఈ రెంటినీ కలిపి భయపెట్టినవాళ్లు చేసిన తప్పే మనం తిరగేసి చేయొద్దు. కాబట్టి ఈ ముచ్చటను బోస్నియా ముచ్చటగానే విందాం.

యుగోస్లావియా పేరు మన పెద్దలకు కొత్త కాదు. అలీనోద్యమం పాఠంలో నెహ్రూ, నాసర్‌ల పక్కన టిటో పేరు ఉండేది. ఆ ఉద్యమం మొదటి శిఖరాగ్ర సభ 1961లో జరిగింది బెల్‌గ్రేడ్‌లోనే. ఆరు రిపబ్లిక్కుల సమాఖ్య అది. స్లొవేనియా, క్రొయేషియా, బోస్నియా-హెర్జెగొవీనా, సెర్బియా, మాంటెనెగ్రో, మాసిడోనియా. సెర్బియా లోపల వొయ్‌వొదినా, కొసొవో అనే రెండు స్వయంపాలిత ప్రాంతాలు. 1974 రాజ్యాంగం ఈ ఎనిమిదింటికీ గట్టి అధికారాలిచ్చింది. 1980 మే 4న టిటో చనిపోయాడు. అప్పటికే దేశం నెత్తిన అప్పుల మూట ఉంది, దాదాపు 2,000 కోట్ల డాలర్లు. అప్పు తీర్చాలంటే పొదుపు, పొదుపంటే కొలువుల కోత, జీతాల కోత. 1989 వచ్చేసరికి ధరలు జీతంతో అందుకునే తీరులో లేవు.

కడుపు కాలినప్పుడు జనం లెక్కలడుగుతారు. స్లొవేనియా వాళ్లు మా పన్నులు కొసొవోకు ఎందుకు పోవాలన్నారు. కొసొవో వాళ్లు మా గనుల సరుకు చౌకగా పట్టుకుపోయి మమ్మల్ని పేదలుగానే ఉంచారన్నారు. ఇవి న్యాయంగా కూర్చొని తేల్చుకోవాల్సిన లెక్కలు. వాటిని తేల్చకుండా ఒక నాయకుడు ఇంకో దారి పట్టాడు. సెర్బియాలో స్లొబోదన్ మిలోసెవిచ్ 1989లో కొసొవో, వొయ్‌వొదినాల స్వయంపాలనను ఊడబెరికాడు. అదే ఏడాది జూన్ 28న, 1389 నాటి కొసొవో యుద్ధానికి 600 ఏండ్లు నిండిన రోజున, ఆ రణభూమి మీద లక్షల మందిని పోగేసి మాట్లాడాడు. రొట్టె ధర అడగాల్సిన జనానికి ఆరు వందల ఏండ్ల కిందటి పగను చేతిలో పెట్టాడు. క్రొయేషియాలో తుజ్‌మన్ కూడా తన వంతుగా జాతి పాట ఎత్తుకున్నాడు.

ఇక్కడ ఆగి ఒకటి గమనించాలని మా మనవి. అధికారం పంచుకోవడం వల్ల యుగోస్లావియా కూలిపోయిందని అంటారు. పంచిన అధికారాన్ని బలవంతంగా గుంజుకోవడంతో కూలడం మొదలైంది. ఆ క్రమం ఎవరూ చెప్పరు.

1991 జూన్ 25న స్లొవేనియా, క్రొయేషియా స్వతంత్రం ప్రకటించుకున్నాయి. స్లొవేనియాలో యుద్ధం పది రోజుల్లో ముగిసింది, ఎందుకంటే అక్కడ జనాభాలో చాలామంది ఒకే జాతి. క్రొయేషియాలో అట్లా కాలేదు. వుకొవార్ పట్టణం మూడు నెలల ముట్టడిలో మట్టిదిబ్బ అయింది. ఇక మిగిలింది బోస్నియా.

1991 జనాభా లెక్కల ప్రకారం బోస్నియాలో దాదాపు 44 లక్షల మంది. అందులో ముస్లింలు 43.5 శాతం, సెర్బులు 31 శాతం, క్రొయాట్లు 17 శాతం. ఇంకో 5.5 శాతం మంది, అంటే రెండు లక్షల నలభై వేల పైచిలుకు జనం, జాతి అనే గడిలో 'యుగోస్లావ్' అని రాయించుకున్నారు. వీళ్లలో చాలామంది తల్లిదొక జాతి, తండ్రిదొక జాతి. వీళ్లను గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తారు.

భాష సంగతి కూడా చెప్పాలి. ఈ మూడు జాతుల వాళ్లూ మాట్లాడేది ఒకటే భాష. మన ఊరికి పక్క ఊరికి ఉండేంత యాస తేడా కూడా చాలాచోట్ల ఉండదు. అప్పుడు దాన్ని సెర్బో-క్రొయేషియన్ అనేవారు. ఇప్పుడు బోస్నియన్, క్రొయేషియన్, సెర్బియన్, మాంటెనెగ్రిన్ అని నాలుగు పేర్లు. బోస్నియాలో సిగరెట్ పెట్టె మీద 'పొగ తాగితే చస్తారు' అన్న హెచ్చరిక మూడు భాషల్లో అచ్చు వేస్తారు. రెండు వాక్యాలు అక్షరం పొల్లుపోకుండా ఒకటే, మూడోది అదే వాక్యం సిరిలిక్ లిపిలో. నవ్వొస్తుంది. ఒకే భాష కాబట్టి కలిసే ఉంటారనీ, వేరే పేరు పెట్టుకున్నారు కాబట్టి వేరే మనుషులైపోయారనీ, రెండూ ఉత్తమాటలే.

1992 ఫిబ్రవరి 29, మార్చి 1 తేదీల్లో స్వతంత్రం మీద బోస్నియా ఓటేసింది. సెర్బులలో అత్యధికులు ఆ ఓటింగును బహిష్కరించారు. ఏప్రిల్‌లో సరయేవో ముట్టడి మొదలైంది. అప్పుడు అక్కడి ఐక్యరాజ్యసమితి శాంతిసేనకు మొదటి కమాండర్ మన భారత సైన్యానికి చెందిన సతీష్ నంబియార్. కానీ కాపాడాల్సిన శాంతే లేని చోటికి పంపిన శాంతిసేన అది. నగరం చుట్టూ కొండలు, కొండల మీద బోస్నియా సెర్బు సైన్యం ఫిరంగులు. 1,425 రోజులు. నీళ్ల కోసం బిందెలు పట్టుకొని లైన్లో నిలబడ్డవాళ్ల మీద, రొట్టె కోసం నిలబడ్డవాళ్ల మీద గుండ్లు కురిశాయి. ముట్టడి మొదలై ఇరవై ఏండ్లయిన సందర్భంగా 2012 ఏప్రిల్ 6న నగరం నడివీధిలో చనిపోయినవాళ్ల లెక్కన 11,541 ఎర్ర కుర్చీలు వేశారు, అన్నీ ఖాళీగా. పిల్లలవి చిన్న కుర్చీలు. వాటి మీద దారిన పోయేవాళ్లు బొమ్మలు పెట్టి పోయారు.

స్రెబ్రెనిత్సా పేరు మీరంతా వినే ఉంటారు. ఐక్యరాజ్యసమితి 1993లో 'సురక్షిత ప్రాంతం' అని ప్రకటించిన పట్టణం. 1995 జూలై 11న బోస్నియా సెర్బు సైన్యం చేతికి చిక్కింది. కొద్ది రోజుల్లోనే ఎనిమిది వేల మందికి పైగా ముస్లిం మగవాళ్లను, మగపిల్లలను చంపారు. అది జాతి నిర్మూలనేనని హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం 2007లో తేల్చింది. యుద్ధం మొత్తంలో లక్ష మంది దాకా చనిపోయారు. ఇరవై లక్షల మందికి పైగా ఇల్లు వదిలారు. ఇద్దరిలో ఒకరు అన్నట్టు.

ఈ హింసకు ఒక లెక్క ఉంది. ఇది వెర్రితనం కాదు, పిచ్చి కోపం కాదు. గీత గీసి, గీతకు ఇటుపక్క ఒక్క రకం మనుషులే ఉండాలని చేసిన పని. గీతలు ప్రపంచమంతా ఉన్నాయి. మనుషులను గీతకు తగ్గట్టు కోయడమే అక్కడి నేరం.

ఇక డేటన్. ఇవాళ మేం అసలు మాట్లాడదల్చుకున్నది దీని గురించే.

1995 నవంబర్‌లో అమెరికా ఒహాయో రాష్ట్రం డేటన్ దగ్గరి వైమానిక స్థావరంలో ముగ్గురిని కూర్చోబెట్టారు. బోస్నియా నుంచి ఇజెత్‌బెగోవిచ్, క్రొయేషియా నుంచి తుజ్‌మన్, సెర్బియా నుంచి మిలోసెవిచ్. అమెరికా దూత రిచర్డ్ హోల్‌బ్రూక్ మూడు వారాలు వాళ్ల వెంటబడ్డాడు. డిసెంబర్ 14న పారిస్‌లో సంతకాలయ్యాయి. తుపాకులు ఆగిపోయాయి. 60 వేల మంది సైనికులతో నాటో దళం దిగింది. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా బోస్నియాలో మళ్లీ యుద్ధం రాలేదు. దీన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు మనకు లేదు. నాలుగేండ్లు నేలమాళిగలో పిల్లలను దాచుకున్న తల్లి దగ్గరకు పోయి ఒప్పందంలో లోపాలున్నాయమ్మా అనగలమా?

కానీ లోపాలున్నాయి. యుద్ధంలో ఎవరు ఎంత పట్టుకున్నారో దాదాపు దాన్నే మ్యాపుగా గీశారు. 51 శాతం భూమి బోస్నియాక్, క్రొయాట్ ఫెడరేషన్‌కు, 49 శాతం రిపబ్లికా స్ర్ప్‌స్కాకు. బోస్నియాక్ అంటే బోస్నియా ముస్లింలు పెట్టుకున్న పేరు. స్రెబ్రెనిత్సా ఏ భాగంలోకి పోయింది? రిపబ్లికా స్ర్ప్‌స్కాలోకి. చంపినవాళ్ల సైన్యం ఏ పేరుతో కొట్లాడిందో ఆ పేరున్న భాగంలోకే.

ఒప్పందానికి అనుబంధాలు పదకొండు. నాలుగో అనుబంధమే దేశ రాజ్యాంగం. ఇంగ్లిషులో రాశారు, ప్రజల ఓటుకు ఎన్నడూ పెట్టలేదు. దాని ప్రకారం దేశానికి ఒక అధ్యక్షుడు ఉండడు, ముగ్గురుంటారు. ఒక బోస్నియాక్, ఒక క్రొయాట్, ఒక సెర్బు. ఎనిమిది నెలలకొకరు వంతులవారీగా పీఠం ఎక్కుతారు. పార్లమెంటు పై సభలో పదిహేను మంది, జాతికి ఐదుగురు. ఒక భాగంలో మళ్లీ పది కాంటన్లు, ప్రతి కాంటన్‌కు ముఖ్యమంత్రి, మంత్రులు. పట్టుమని నలభై లక్షల మంది లేని దేశానికి ఇన్ని ప్రభుత్వాలు. ఆ కుర్చీలకు జీతాలు, కార్లు, బంధువులకు కొలువులు. ఉద్యోగ మిత్రులకు ఎక్కువ వివరించనక్కరలేదు.

మరి ఆ మూడింటిలో చేరనివాళ్లు? రాజ్యాంగం వాళ్లను 'ఇతరులు' అంది. యాకోబ్ ఫించి యూదుడు, ఆ దేశంలో పేరున్న మనిషి, రాయబారిగా పనిచేసినవాడు. దెర్వో సెయ్‌దిచ్ రోమా. పుట్టి పెరిగిన దేశంలో వీళ్లు అధ్యక్ష పదవికి పోటీ చేయడానికి పనికిరారు. ఇద్దరూ కోర్టుకెక్కారు. 2009 డిసెంబర్‌లో స్ట్రాస్‌బర్గ్‌లోని యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం ఇది వివక్షేనని తీర్పిచ్చింది. ఇంకో మనిషి, స్రెబ్రెనిత్సాలో ఉండే బోస్నియాక్ డాక్టర్ ఇలియాజ్ పిలావ్. రిపబ్లికా స్ర్ప్‌స్కా నుంచి సెర్బు మాత్రమే అధ్యక్ష మండలికి పోటీ చేయాలి కాబట్టి ఆయనకూ అర్హత లేదు. అంటే తరిమితే వెనక్కి వచ్చి సొంత ఊళ్లో బతకడం అనర్హత అయింది. ఆయన కూడా 2016లో గెలిచాడు. ఈ తీర్పులకు తగ్గట్టు రాజ్యాంగం మాత్రం మారలేదు. 1956 పెద్దమనుషుల ఒప్పందం కథ తెలిసిన మనకు, కాగితం మీద గెలిచి కాగితం మీదే ఉండిపోవడం అంటే ఏమిటో చెప్పాలా?

యుగోస్లావ్ అని రాయించుకున్న ఆ రెండు లక్షల నలభై వేల మందిని గుర్తుపెట్టుకొమ్మన్నాం. కొత్త దేశంలో పదవి కావాలన్నా, కోటా కావాలన్నా వాళ్లు అమ్మ జాతో నాన్న జాతో తేల్చుకోవాలి. తేల్చుకోనివాళ్లు ఇతరులు.

శరణార్థులు తిరిగి రావాలని ఏడో అనుబంధం చెప్పింది. ఇండ్లు చాలావరకు సొంతదారులకు అప్పగించారు కూడా, అది మెచ్చుకోదగ్గ పనే. పది లక్షల మంది తిరిగొచ్చారని 2004లో లెక్క చెప్పారు. కానీ ఇల్లు చేతికొచ్చాక అమ్మేసి తమ జాతి వాళ్లున్న చోటికి మళ్లీ పోయినవాళ్లు చాలామంది. ఇల్లు వచ్చింది సరే, పోలీసు ఎవరు? బడిలో పంతులు ఎవరు? కొలువు ఎవరిస్తారు? వీటికి జవాబు లేని చోట మనిషి ఎట్లా నిలుస్తాడు?

చిన్న విషయం చెప్తాం, మాకు చాలా ఇష్టమైన విషయం. బండ్ల నంబరు ప్లేట్లు. యుద్ధం తర్వాత ఒక్కో జాతి ప్రాంతానికి ఒక్కో రకం ప్లేటు. ప్లేటు చూస్తే బండి ఎవరిదో తెలిసిపోతుంది. అందుకని అవతలి ప్రాంతంలోకి బండి తీసుకుపోవడానికి భయం. ఉద్యమంలో బండి మీద ఏపీ చెరిపి టీజీ రాసుకున్నవాళ్లం మనం, ఒక ప్లేటు ఎంత మాట్లాడుతుందో మనకు తెలుసు. మనం కనబడాలని రాసుకున్నాం, వాళ్లకు కనబడకపోవడమే ప్రాణరక్ష అయింది. 1998లో ఊరు పేరు, ప్రాంతం పేరు లేని ప్లేటు తెచ్చారు. అందులో అక్షరాలు కూడా లాటిన్ లిపిలో, సిరిలిక్ లిపిలో ఒకే తీరుగా ఉండేవి ఏరి పెట్టారు. ఏ, ఈ, జే, కే, ఎం, ఓ, టీ. అంతే. జనం గీత దాటడం మొదలుపెట్టారు. పెద్ద పెద్ద శాంతి సభల కంటే ఈ రేకు ముక్క ఎక్కువ పని చేసిందని మా అభిప్రాయం.

అయితే ఆ ప్లేటు తెచ్చింది ఎవరు? ఎన్నికైన ప్రభుత్వం కాదు. హై రిప్రజెంటేటివ్ అనే విదేశీ అధికారి. 1997 డిసెంబర్‌లో బాన్ నగరంలో జరిగిన సమావేశం ఆయనకు చట్టాలు చేసే అధికారం, ఎన్నికైనవాళ్లను సైతం తొలగించే అధికారం ఒప్పగించింది. జెండా డిజైన్ కూడా ఆయనే ఖరారు చేశాడు. జాతీయ గీతానికి బాణీ ఉంది, పదాలు లేవు. ఏ పదాలు పెట్టాలో తెగలేదు. 2004లో పాడీ ఆష్‌డౌన్ అనే హై రిప్రజెంటేటివ్ ఒక్కరోజే రిపబ్లికా స్ర్ప్‌స్కాలో దాదాపు 60 మంది నాయకులను, అధికారులను తొలగించాడు. యుద్ధ నేరస్తులకు అండగా నిలిచారన్న ఆరోపణ మీద. కారణం మంచిదే కావచ్చు. కానీ అప్పీలు లేని ఆదేశాలతో ప్రజాస్వామ్యం నేర్పడమేమిటో మాకు అర్థం కాలేదు. నాయకులకూ ఇది హాయి. కష్టమైన పని విదేశీ దొర చేస్తాడు, మనం జాతి పేరుతో అరుస్తూ ఓట్లు దండుకోవచ్చు. మిలోరాద్ దోదిక్ ఏండ్ల తరబడి విడిపోతాం విడిపోతాం అంటూనే రిపబ్లికా స్ర్ప్‌స్కాను ఏలాడు. హై రిప్రజెంటేటివ్ ఆదేశాలను ధిక్కరించిన కేసులో 2025 ఫిబ్రవరిలో కోర్టు ఆయనకు ఏడాది జైలు, ఆరేండ్ల రాజకీయ నిషేధం వేసింది. ఆగస్టులో పై కోర్టూ దాన్ని ఖాయం చేసింది. ముప్పై ఏండ్ల తర్వాత కూడా అక్కడి ప్రధాన రాజకీయం ఇదే.

ఈ పెద్దల ఆటలో సామాన్యులు ఎక్కడున్నారు? 2013 ఫిబ్రవరిలో పౌరుల గుర్తింపు సంఖ్యల చట్టం చెల్లకుండా పోయింది. కొత్త చట్టంలో నంబర్ల ప్రాంతాలు ఎట్లా గీయాలో పార్టీలు తేల్చుకోలేదు. ఆ తర్వాత పుట్టిన పిల్లలకు నంబరు లేదు, నంబరు లేకపోతే పాస్‌పోర్టు లేదు. మూడు నెలల పసిబిడ్డను వైద్యం కోసం జర్మనీ తీసుకుపోవాలి, కాగితం లేదు. జూన్‌లో తల్లులు పిల్లల బండ్లు తోసుకుంటూ సరయేవో పార్లమెంటు ముందుకు వచ్చారు. జనం గొలుసు కట్టి ఎంపీలను లోపలే నిలబెట్టారు. ఆ గొలుసులో ఎవరి జాతి ఏమిటని ఎవరూ అడగలేదు.

విద్యార్థుల సంగతి చెప్పకపోతే ఈ సభకు అన్యాయం చేసినట్టే. ఫెడరేషన్‌లో కొన్నిచోట్ల 'ఒకే కప్పు కింద రెండు బడులు' అనే పద్ధతి ఉంది. ఒకే భవనం. ఇటు తలుపు నుంచి బోస్నియాక్ పిల్లలు, అటు తలుపు నుంచి క్రొయాట్ పిల్లలు. చరిత్ర పాఠం వేరు, భాష పాఠం వేరు. యాయ్‌త్సె అనే పట్టణంలో రెండు జాతుల పిల్లలు కలిసి చదివే హైస్కూలు ఉంది. 1943 నవంబర్‌లో టిటో, ఆయన సహచరులు సమాఖ్య యుగోస్లావియాకు పునాది వేసిన పట్టణం అదే. 2016లో అక్కడ బోస్నియాక్ పిల్లలకు వేరే బడి పెడతామని కాంటన్ ప్రభుత్వం అంది. పిల్లలు రెండు జాతుల వాళ్లూ కలిసి రోడ్డెక్కారు. మమ్మల్ని విడదీయమని మేం అడగలేదన్నారు. ఏడాది పాటు పట్టు వదల్లేదు. 2017లో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. పదహారు, పదిహేడేండ్ల పోరగాళ్లు యుద్ధం తర్వాత పుట్టినవాళ్లు. వాళ్లకు పగ వారసత్వంగా ఇవ్వాలని చూస్తే వద్దన్నారు.

మోస్తార్‌లోనూ ఇట్లాంటిదే. 1566 నాటి రాతి వంతెనను 1993లో క్రొయాట్ బలగాలు కూల్చాయి. 2004లో మళ్లీ కట్టారు, లోకమంతా చప్పట్లు కొట్టింది. వంతెన కట్టడం తేలిక. ఆ ఊరికి 2008 తర్వాత పన్నెండేండ్లు మున్సిపల్ ఎన్నికలే జరగలేదు, సీట్ల లెక్క రెండు పార్టీలకూ కుదరక. ఇర్మా బరాలియా అనే టీచర్ స్ట్రాస్‌బర్గ్ దాకా పోయి 2019లో గెలిచింది. 2020 డిసెంబర్‌లో ఓటింగ్ జరిగింది.

చివరిగా తూజ్లా. కార్మికుల ఊరు. యుద్ధం తర్వాత ఫ్యాక్టరీలను ప్రైవేటుపరం చేశారు. కొన్నవాళ్లు వాటిని నడపలేదు. జీతాల్లేవు, పింఛన్ల సొమ్ము కట్టలేదు. 2014 ఫిబ్రవరి 5న కార్మికులు కాంటన్ ప్రభుత్వ భవనం ముందుకు వచ్చారు. రెండు రోజుల్లో మంట సరయేవో, జెనిత్సా దాకా పోయింది. ప్రభుత్వ భవనాలు కాలాయి. ఆ చర్య మంచిదా చెడ్డదా అని అక్కడివాళ్లే ఇంకా వాదించుకుంటారు. ఒక నినాదం మాత్రం అందరికీ గుర్తుండిపోయింది. 'మేం మూడు భాషల్లో ఆకలితో ఉన్నాం.' సిగరెట్ పెట్టె మీది మూడు వాక్యాలకు జనం ఇచ్చిన జవాబది.

నాలుగు కాంటన్ల ప్రభుత్వాలు రాజీనామా చేశాయి. ఊళ్లలో ప్లీనంలు పెట్టుకున్నారు, అంటే అందరూ వచ్చి మాట్లాడే బహిరంగ సభలు. పార్టీలకు చోటు లేదు, మనిషికి రెండు నిమిషాలో మూడు నిమిషాలో మైకు. దిగిపోయిన తర్వాత కూడా నాయకులు ఏడాది పాటు జీతం తీసుకునే సౌకర్యాన్ని అక్కడి జనం 'తెల్ల రొట్టె' అంటారు. తూజ్లా ప్లీనం దాన్ని రద్దు చేయించింది. ఆ ఏడాది అక్టోబర్ ఎన్నికల్లో మళ్లీ ఆ పాత పార్టీలే గెలిచాయి, ఆ సంగతి దాచడం లేదు.

తూజ్లాలో దీతా అని బట్టల సబ్బు పొడి చేసే ఫ్యాక్టరీ. కార్మికులు ఏండ్ల తరబడి గేటు దగ్గర కాపలా ఉన్నారు, మిషన్లు ఎత్తుకుపోకుండా. 2015లో వాళ్లే వాటిని శుభ్రం చేసి మళ్లీ తిప్పారు. ఆ పొడి అంగళ్లకు వచ్చినప్పుడు, ఏ కార్మికుడు ఏ జాతి అని అడగకుండా జనం అడిగి మరీ కొన్నారు.